దాటని కర్ర

మొన్న ఆదివారం నా గదిలో నేనే చిక్కుకుపోయాను. తలుపు బార్లా తెరిచే ఉంది. గొళ్లెం లేదు, తాళం లేదు. గడప మీద మా మనవరాలి కర్ర మాత్రం అడ్డంగా పడి ఉంది.

మదనపల్లెలో ఈ మధ్య కరాటే క్లాసుల్లో కర్ర తిప్పడం కూడా నేర్పిస్తున్నారు. మా మనవరాలు పొద్దున్నే తెల్లబట్టలు తొడుక్కుని వెళుతుంది, ఎండెక్కేసరికి వస్తుంది, కర్రను ఎక్కడ పడితే అక్కడ పారేసి ఫోను పట్టుకుని మిద్దెక్కుతుంది. ఆ రోజు ఆ కర్ర నా గడప మీద పడింది. పొయ్యి మీద పాలు పెట్టి కళ్లజోడు కోసం గదిలోకి వచ్చినదాన్ని, తిరిగి చూసేసరికి దారి మూసుకుపోయింది. మనవరాల్ని పిలిచాను. చెవుల్లో ఏవో పెట్టుకుని ఉంటుంది కదా, పలకలేదు. పాలు పొంగే వాసన వచ్చింది, ఆ తర్వాత మాడే వాసన వచ్చింది. నేను గడపకు ఇవతల అలాగే నిలబడి ఉన్నాను.

చివరికి మాడు వాసనకే అది కిందికి దిగి వచ్చింది. "ఏమవ్వా, కర్ర దాటి రాలేవా, అదేమన్నా పామా?" అని కర్ర తీసి పక్కన పెట్టింది. సాయంత్రానికి ఈ కథ ఇల్లంతా పాకింది. మా కోడలు పాపం మంచిది, డాక్టరుకు చూపించాలేమో అని మా వాడితో గుసగుసలాడింది. కర్ర దాటకూడదని నీకెవరు చెప్పారని మనవరాలు అడిగింది. వస్తాదు చెప్పాడన్నాను. వస్తాదంటే ఎవరంది. నేను జవాబు మొదలుపెట్టేలోపే దానికి ఫోను వచ్చింది. దానికి చెప్పలేకపోయినది ఇక్కడ చెప్పుకుంటున్నాను, ఎవరో ఒకరు వినాలి కదా.

పుంగనూరులో మా నాయనకు బెల్లం మండీ ఉండేది. వీధి వైపు అంగడి, అంగడి వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. పెరట్లో మా పొట్టి ఆవు. పెరటి గోడకు ఆనుకుని పొడవాటి గోడౌను. మేం ఏం తిన్నా ఏం తొడుక్కున్నా బెల్లం వాసన వచ్చేది. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల నా జడ వాసన చూసి, మీ ఇంట్లో రోజూ పండగేనా అని అడిగేది. ఎండాకాలంలో బెల్లం కరిగి గోతాల్లోంచి కారేది, కందిరీగలు ముసిరేవి, మా అవ్వ వాటిని తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినపడేవి.

ఆ గోడౌనుకు కాపలాదారు వస్తాదు. కుప్పం వైపు మనిషి. ఎప్పుడొచ్చాడో ఎందుకొచ్చాడో మాకు తెలియదు, నేను పుట్టేసరికే ఉన్నాడు. పొడగరి, తెల్లమీసాలు, మాటలు తక్కువ. కాపలాతోపాటు ఆయనకు ఇంకో రెండు విద్యలు వచ్చు. బెణికిన కాళ్లు లాగి సరిచేసేవాడు, కర్రసాము నేర్పేవాడు. పొద్దున్నే గోడౌనులో బస్తాలు లేని సగం ఖాళీలో వీధి పిలకాయలకు సాము చెప్పేవాడు. దాన్ని అందరం గరిడీ అనేవాళ్లం. సాము నేర్పే గోడౌను వైపు ఏ దొంగ వస్తాడని మా నాయన గర్వంగా చెప్పుకునేవాడు. చోటు ఆయనది, విద్య వస్తాదుది. ఆ సంగతి మా నాయన ఎన్నడూ నోరు తెరిచి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

నేను గరిడీలోకి వెళ్లింది సాము మీద మోజుతో కాదు. నేను పడేదాన్ని. చదునైన నేల మీద నడుస్తూ నడుస్తూ పడేదాన్ని. మెట్లుంటే సరే, లేకపోయినా పడేదాన్ని. వీధిలో నా పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అందరికీ పడే పిల్లనే. నీళ్ల బిందె నా చేతికిస్తే అమ్మ వెనకే గుడ్డ పట్టుకుని వచ్చేది. నెలకోసారన్నా చీలమండ బెణికేది, అవ్వ నన్ను వస్తాదు దగ్గరికి లాక్కుపోయేది. ఆయన నువ్వుల నూనె రాసి ఒక్క గుంజు గుంజేవాడు. ప్రాణం పోయి వచ్చేది.

ఒకరోజు ఆయనకే విసుగొచ్చింది.

"ఎన్నిసార్లని లాగేది అవ్వా ఈ కాలు. అమ్మణ్ణికి నేల మింద అడుగు పెట్టేదే తెలీలేదు. పొద్దున పూట పంపించు, నేర్పిస్తా."

"ఆడపిల్లకు సామేందప్పా?"

"సాము కాదు, మందనుకో."

మందు అనేసరికి అవ్వ మెత్తబడింది. అయితే చేదు లేనిది మందెలా అవుతుందని ఆమెకు అనుమానం. అందుకని గరిడీకి పోయే ముందు ఒక గ్లాసు వేపాకు కషాయం కూడా తాగించేది. నా సాము విద్యకు నాంది ఆ కషాయం.

మొదట చాలా కాలం నాకు కర్ర ఇవ్వలేదు. ఒక గోతాం పరిచి దాని మీద నిలబెట్టేవాడు. ముందుకు, వెనక్కి, పక్కకు, తిరిగి. ఎంత తిరిగినా కాలు గోతాం దాటకూడదు. ఆయన పక్కన కూర్చుని కర్రతో నేల మీద తట్టేవాడు. ఆ తట్టుకు అడుగు పడాలి. నోటితో చెప్పేది బహు తక్కువ. పిలకాయలు నన్ను చూసి నవ్వితే వాళ్లనూ ఒక్కొక్క గోతాం మీద నిలబెట్టేవాడు, వాళ్లు తడబడితే నేను నవ్వేదాన్ని. అలా ఆ పిలకాయలకూ నాకూ సమానమైంది.

పడటం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఒకరోజు అమ్మ బిందె చేతికిచ్చి గుడ్డ తేవడం మరిచిపోయింది. అంతే.

కర్ర ఇచ్చాక ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. ఆ కర్ర నున్నగా, నూనె తాగి, తేనె రంగులో ఉండేది. పట్టుకుంటే చేతులకు సాయంత్రం దాకా నువ్వుల నూనె వాసన. దానితో నేను చేసిన మొదటి ఘనకార్యం బస్తాల పైనుంచి బెల్లం అచ్చు ఒకటి దొర్లించడం. పిలకాయలమంతా మూల చేరి తిన్నాం. చీమలు బారు కట్టి మమ్మల్ని పట్టించాయి. వస్తాదు వచ్చి అందరినీ గోడకు వరసగా నిలబెట్టి, చేతులు చాపి కర్రలు పట్టుకోమన్నాడు. మేం అలా వణుకుతూ నిలబడి ఉంటే, మిగిలిన బెల్లం ముక్క ఆయన తీరిగ్గా కూర్చుని తినేశాడు. మా నాయనతో మాత్రం చెప్పలేదు.

"చేతిని సూడొద్దు, భుజం సూడు. కొట్టేవాడి చెయ్యి అబద్ధం చెప్తాది, భుజం చెప్పదు." ఇది ఆయన మాటే. నాకు జీవితంలో బాగా పనికొచ్చిన మాట, దాని సంగతి తర్వాత చెబుతాను.

గరిడీలో కట్టుబాట్లు కొన్ని ఉండేవి. చెప్పులతో రాకూడదు, ఈల వేయకూడదు. వీటన్నిటికీ మించినది ఒకటుంది, నేల మీదున్న కర్రను దాటకూడదు. పక్కనుంచి చుట్టి పోవాలి. చుట్టి పోవడానికి దారి లేకపోతే నిలబడాలి. కర్ర ఎవరు పెట్టారో వాళ్లే ఎత్తాలి, లేదంటే గురువు ఎత్తాలి. కర్రలో ఆంజనేయస్వామి ఉంటాడు, దాటితే విద్య పోతుంది, కాలూ పోతుంది అనేవాడు. ఒకసారి కుమ్మర వీధి పిలకాయ ఒకడు ఏమరుపాటున దాటాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు అరిచిన అరుపుకు పెరట్లో ఆవు బెదిరింది. వాడి చేత కర్రకు పసుపు నీళ్లు పోయించి, బొట్టు పెట్టించి, మొక్కించాడు.

మిగతావాళ్లకు విద్య పోతుందనే భయం. నాకు కాలు పోతుందనే భయం. పడే పిల్లగా బతికినదాన్ని కదా, నాకు కాలంటే ఏమిటో తెలుసు. అందుకని ఇంట్లో కూడా ఏ కర్రా దాటేదాన్ని కాదు. చీపురు, గొడుగు, కట్టెపుల్ల, ఏదైనా సరే చుట్టి పోయేదాన్ని. ఈ పాప గరిటె కూడా దాటదని అవ్వ చుట్టాలకు చెప్పి మురిసిపోయేది.

ఇక జాతర సంగతి. ఏటా మా ఊళ్లో గంగమ్మ జాతరకు అమ్మవారి ముందు గరిడీ పిలకాయలు సాము ఆడేవాళ్లు. ఊరేగింపు మా మండీ ముందు ఆగి హారతి తీసుకునేది. అక్కడే అసలు ఆట. ఒకరు నడుమ నిలబడి కర్ర తిప్పుతారు. చుట్టూ జనం నిమ్మకాయలు విసురుతారు. తిరిగే కర్రకు తగిలి నిమ్మకాయలు ఎగిరిపోవాలే తప్ప ఒక్కటి కూడా ఒంటికి తగలకూడదు. తగిలితే జనం గొల్లున నవ్వుతారు. ఆ ఏడు నడుమ నిలబడేది నేనని వస్తాదు చెప్పాడు. గోడౌనులో ఎంతమంది విసిరినా నా కర్ర దాటి నిమ్మకాయ వచ్చేది కాదు. పిలకాయలకు అది నచ్చకపోయినా ఒప్పుకోక తప్పలేదు.

నాకు అమ్మవారి మీద అంత భక్తేమీ లేదు, ఉన్నమాట చెబుతున్నాను. ఆ వీధి నడుమ, నన్ను పడే పిల్ల అన్న జనమందరి ముందు, పడకుండా నిలబడాలి. అదే నా కోరిక. అన్నం తింటున్నా అదే, నిద్రలోనూ అదే. మా నాయన మొదట చూద్దాంలే అన్నాడు. మండీకి వచ్చే రైతులు, మీ పాప గట్టిదంట కదప్పా అని అడగడం మొదలుపెట్టాక ఆయనే అందరికీ చెప్పుకున్నాడు. పసుపు పావడ కుట్టించాడు. వస్తాదు నా కర్రను కమ్మరి దగ్గరికి తీసుకుపోయి ఒక కొనకు ఇనప పొన్ను తొడిగించాడు. పొన్ను పడిందంటే ఆ కర్ర గరిడీది కాదు, నాది.

జాతర వారంలోకి వచ్చింది. నేను పెద్దమనిషినయ్యాను.

ఇంట్లో అందరూ సంతోషించారు. నన్ను ముట్టుకోకుండా సంతోషించారు. గుర్రంకొండ నుంచి మా మామ బండెడు పచ్చికొమ్మలతో దిగాడు. పెరట్లో గోడ మూలన కానుగ కొమ్మలు, కొబ్బరి మట్టలతో నాకు పచ్చాకుల కొట్టం కట్టాడు. చేతులు చాపితే రెండు పక్కలా ఆకులు తగిలేవి. స్నానం రోజు దాకా నేను అందులోనే ఉండాలి. మగవాళ్ల కంటపడకూడదు. స్నానం జాతర అయిపోయాక వస్తుంది. ఆ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, నేనే వేసుకున్నాను.

కొట్టం వాకిట్లో గాలీ ధూళీ రాకుండా ఇనప పొన్నున్న రోకలి అడ్డం పెట్టడం మా వైపు ఆచారం. ఆ రోజు మా ఇంట్లో రోకలి ఖాళీగా లేదు. నా కోసమే నువ్వులు, బెల్లం వేసి చిమ్మిలి దంచుతున్నారు. దంచే అమ్మలక్కలు మధ్యలో ఆపేలా లేరు. అవ్వ అటూ ఇటూ చూసింది. గోడకు ఆనించిన నా కర్ర కనిపించింది.

"దీనికి ఇనుముండాది కదా. ఇదే సాలు," అని తెచ్చి వాకిట్లో అడ్డంగా పెట్టింది.

రోకలైతే నేను దాటేసి ఉండేదాన్ని. మా వీధి ఆడపిల్లలందరూ ఎవరూ చూడనప్పుడు రోకలి దాటి దూడల్ని చూసి వచ్చినవాళ్లే. కర్రను ఎలా దాటేది? నేను బోరున ఏడ్చాను. కడుపునొప్పి అనుకుని అవ్వ ఇంకో చిమ్మిలి ఉండ చేతిలో పెట్టింది. బయటికి పోవాల్సినప్పుడల్లా అవ్వే కర్ర ఎత్తేది, నా వెంట వచ్చేది, తిరిగి నన్ను లోపల కూర్చోబెట్టి కర్ర పెట్టేది. కర్ర తీసి రోకలి పెట్టవా అని అడిగాను. ఒకసారి పెట్టినదాన్ని మార్చకూడదంది. జాతరకు ఒక్క గంట పంపించమన్నాను. నా నోరు మూసింది. నిజంగానే చేత్తో మూసింది, ఆ తర్వాత తను మైలపడినందుకు తలస్నానం చేసి వచ్చింది.

కొట్టంలో పొద్దు గడవదు. ఆకులు మొదటి రోజు పచ్చివాసన, తర్వాత వాడిన వాసన. తినడానికి పొద్దుగూకులూ చిమ్మిలి, ఎండుకొబ్బరి, నెయ్యి. బెల్లం వాసనంటే నాకు రోత పుట్టింది ఆ రోజుల్లోనే. ఇప్పటికీ కాఫీలో చక్కెరే వేసుకుంటాను.

రెండో రోజో మూడో రోజో పొద్దున గోడౌను వైపు నుంచి తట్టు వినపడింది. గోడకు అవతల కూర్చుని వస్తాదు కర్రతో నేల మీద తడుతున్నాడు. అది నా అడుగుల తట్టు. కాలు ఆడకపోతే మళ్లీ పాత బెణుకు వస్తుందని అవ్వతో చెప్పాడట. మందే కాబట్టి అవ్వ ఊరుకుంది. ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడకూడదు. నేను లేచి ఆ చిన్న చోటులో అడుగులు వేశాను. కర్ర లేదు, ఉత్త చేతులు ఆకులకు తగిలి గలగలమనేవి. ఆ గలగల ఆయనకు వినపడేదేమో, నేను సరిగ్గా వేసినప్పుడు తట్టు వేగం పెరిగేది. రోజూ వచ్చాడు.

ఆ తట్టే నన్ను ముంచింది. ఎందుకంటే నేను నమ్మాను. జాతరకు తీసుకుపోకపోతే ఈయన రోజూ ఎందుకొచ్చి తడతాడు? సమయానికి వచ్చి కర్ర ఎత్తుతాడు, గురువు ఎత్తితే ఎవరూ కాదనలేరు. అలా అనుకున్నాక నాకు కొట్టం కష్టంగా అనిపించలేదు. పసుపు పావడ తెచ్చిమ్మని అమ్మను అడిగాను. కొత్త బట్ట ఇప్పుడు కట్టకూడదంది. సరేలే, పాతదానితోనే ఆడతాననుకున్నాను.

జాతర రోజు ఇంట్లో అలసంద వడలు వేయించే వాసన పెరడంతా నిండింది. మధ్యాహ్నం దాటాక దూరంగా పలకలు మోగాయి. అవ్వ, అమ్మ, అమ్మలక్కలు అందరూ హారతి పళ్లెం తీసుకుని వీధిలోకి పోయారు. పెరట్లో నేను, ఆవు మిగిలాం. అప్పుడు వస్తాదు వచ్చాడు. తెల్ల పంచె, నడుముకు ఎర్రగుడ్డ. గోడవారనున్న కర్రల కట్ట కోసం వచ్చాడు. ఆకుల సందులోంచి చూస్తున్నాను. ఆయన కట్ట భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు.

"తాతా, కర్ర ఎత్తు," అన్నాను.

ఆయన ఆగాడు.

"నువ్వెత్తితే నేనొస్తా. అడుగులన్నీ తప్పకుండా వేసినా, నువ్వే విన్నావు కదా."

ఆయన కట్ట దించి వాకిలి దగ్గరికి వచ్చాడు. నాకు ఆయన పాదాలు, మోకాళ్లు కనపడ్డాయి. మెల్లగా వంగాడు. ఆయన చెయ్యి కర్ర మీదికి వచ్చింది. వేళ్లకు నూనె మెరుస్తోంది. నేను లేచి నిలబడ్డాను.

అంగడి వైపు నుంచి మా నాయన గొంతు వినపడింది. "వస్తాదప్పా, అమ్మోరు వస్తాండాది, యాడుండావు?"

చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత వెనక్కి పోయింది. "వస్తాండానయ్యా," అని కట్ట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నా వైపు చూడలేదు.

నేను అలా నిలబడే ఉన్నాను. ఊరేగింపు మా మండీ ముందు ఆగింది. పలకలు ఆగాయి, కర్ర తిరిగే చప్పుడు మొదలైంది. నా బదులు ఆడుతున్నది కుమ్మర వీధి పిలకాయ అని చప్పుడుతోనే తెలిసింది, వాడి ఎడమ చెయ్యి ఎప్పుడూ ఆలస్యం. నిమ్మకాయలు టపటపమన్నాయి. ఒకటి ఎగిరి మిద్దె మీదుగా మా పెరట్లో పడింది. ఆవు దాన్ని వాసన చూసి తల తిప్పుకుంది. కాసేపటికి జనం గొల్లున నవ్వారు. నిమ్మకాయ వాడికి తగిలింది. నాకు సంతోషం కలగలేదు, ఏడుపూ రాలేదు. ఆకుల్లో నిలబడి ఆ నవ్వంతా విన్నాను.

స్నానం రోజున నాకు పసుపు పూసి, నీళ్లు పోసి, ఓణీ కట్టి, కొట్టాన్ని పీకి తగలబెట్టారు. ఎండిన ఆకులు కదా, చిటికెలో కాలిపోయింది. కాలు బాగైపోయింది కాబట్టి ఇక గరిడీ అక్కర్లేదని మా నాయన నవ్వుతూనే చెప్పాడు. నా కర్రను అవ్వ పెరట్లో దండెం చేసింది. నా ఓణీలన్నీ దాని మీదే ఆరాయి.

వస్తాదు ఆ తర్వాత నా కంటపడలేదు. నేను గోడౌను వైపు పోయినా ఆయన బస్తాల వెనక్కి తప్పుకునేవాడు. నాకు మండిపోయేది. కొన్నాళ్లకు మా నాయన బెల్లం తగ్గించి టమోటాల్లోకి దిగాడు, గంపలకు గోడౌను మొత్తం కావాల్సి వచ్చింది, గరిడీ పోయింది. వస్తాదు చెప్పకుండానే ఊరు విడిచి వెళ్లాడు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

నాకు మదనపల్లె సంబంధం కుదిరింది. మా ఆయన చెడ్డవాడేమీ కాదు, కోపిష్టి. పెళ్లయిన కొత్తలో ఒకరోజు చారులో ఉప్పెక్కువైందని చెయ్యి లేపాడు. నేను చెయ్యి చూడలేదు, భుజం చూశాను. అర అడుగు పక్కకు జరిగాను. ఆయన చెయ్యి వెళ్లి గోడకు తగిలింది. నెలరోజులు కట్టు కట్టుకుని తిరిగాడు, అడిగినవాళ్లకు బండి మీంచి పడ్డానని చెప్పాడు. మళ్లీ చెయ్యి లేపలేదు. వస్తాదు పుణ్యమే అది. అయితే మా అత్త బడికి పోనివ్వనన్నప్పుడు, కుట్టు మిషను నేర్చుకోనివ్వనన్నప్పుడు, పుట్టింటికి పంపనన్నప్పుడు ఏం చేయాలో మాత్రం నాకు తెలియలేదు. అడ్డంగా ఉన్న కర్రను ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తున్నట్టు ఇవతలే నిలబడ్డాను. అర అడుగు జరగడం దగ్గరే నా చదువు ఆగిపోయింది.

చాలా ఏళ్లకు కుప్పంలో ఒక పెళ్లికి పోయినప్పుడు ఎవరో మాటల్లో చెప్పారు, వస్తాదు ఇంకా ఉన్నాడు, రామకుప్పం దగ్గర కూతురింట్లో ఉంటున్నాడని. తాంబూలం కూడా తీసుకోకుండా బస్సెక్కాను. కోపంతోనే ఎక్కాను. అడగాల్సిన మాట దారి పొడవునా నోట్లో నమిలాను.

ఆ ముందు రోజు ఏనుగులు పడి రాగి చేను తొక్కేశాయట, ఊరంతా ఆ గొడవలో ఉంది. ఆయన ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మీసాలు పలచబడ్డాయి, కళ్లకు పొరలు. పేరు చెబితే గుర్తుపట్టలేదు. పడే పిల్లను అన్నాను. చేతులు చాపి నా చీలమండ పట్టుకుని తడిమి చూశాడు. అదయ్యాక నవ్వాడు. కూతురు సంగటి, నంచుకోవడానికి ఊరిబిండి పెట్టింది. ఆయన నన్ను తినమని బతిమాలుతూనే ఉన్నాడు. తిన్నాను. తిన్నాక అడిగాను.

"ఆ పొద్దు కర్ర యాల ఎత్తలేదు తాతా?"

ఏ పొద్దు అని ఆయన అడగలేదు. చేత్తో నేల తడిమాడు.

"ఎత్తే పనే లేదు అమ్మణ్ణీ. నువ్వు దాటేసి వచ్చింటే సరిపోయేది."

"దాటకూడదని నువ్వే కదా చెప్తివి."

"నేనే చెప్తిని. మా గురువు చెప్పలేదు, ఆయన గురువూ చెప్పలేదు. పిలకాయలు కర్రల మింద కాలేసి పగలదొక్కతా ఉండ్రి. వట్టిగా చెప్తే వినరని ఆంజనేయసామి పేరు పెడితి. అంతే."

ఆయనే మళ్లీ అన్నాడు.

"ఆ మాట నీకు చెప్పాలనే వంగితి. మీ నాయన పిలిచె. చోటు ఆయనది. పిలకాయలకు భయపడొద్దని నేర్పేవాణ్ణి, నేను భయపడితి. దినామూ గోడ పక్కన కూర్చుని తట్టిందీ నోరు తెరిచి చెప్పలేని ఆ భయానికే తల్లీ."

కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. బస్సు వేళవుతోందని లేచాను. ఆయన కూడా గోడ పట్టుకుని లేచాడు. వాకిలి దగ్గరికి నా కంటే ముందే తడుముకుంటూ పోయాడు. తన చేతికర్రను గడప మీద అడ్డంగా పెట్టి పక్కకు జరిగాడు.

"దాటు అమ్మణ్ణీ. నేనే చెప్తాండా. ఆ మాట తీసేస్తాండా."

చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకున్నాను. అది ఉత్త ఊతకర్ర, అందులో ఏ దేవుడూ లేడు, చెప్పినవాడే లేడంటున్నాడు. కాలు ఎత్తాను. ఎత్తిన కాలు అక్కడే దించాను. మళ్లీ ఎత్తాను. ఆయన నా అడుగు వినడం కోసం తల వంచి, చెవి ఒగ్గి నిలబడి ఉన్నాడు. కూతురు పళ్లెం చేత్తో పట్టుకుని మమ్మల్ని వింతగా చూస్తోంది. బయట బస్సు హారను వినపడింది. నా వల్ల కాలేదు.

ఆయనకు అర్థమైంది. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక చేత్తో నేల వెతుక్కుంటూ వంగాడు. కర్ర దొరకడానికి కాస్త సేపు పట్టింది. ఎత్తి రొమ్ముకు హత్తుకుని, "పో తల్లీ," అన్నాడు.

నేను బయటికి వచ్చాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, జాతర రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. పక్కన కూర్చున్న ఆమె ఎవరన్నా పోయారా అమ్మా అని అడిగింది. లేదు, నన్ను ఇప్పుడే వదిలిపెట్టారు అన్నాను. అప్పటికి నాకు ముగ్గురు పిల్లలు.